కాటా ఎక్కాకే లిఫ్ట్ స్ప్రింగ్

ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే) బండ్ల షాపుల్లో ‘రెండించుల లిఫ్ట్’ అనే మాట షర్టు సైజులా వినిపిస్తుంది. లిఫ్ట్ అంటే స్ప్రింగులు మార్చి బండిని అంత ఎత్తు లేపడం. డబ్బా మీద 50 మిల్లీమీటర్లని రాసి ఉంటుంది, వేస్తే బండి అంతే లేస్తుందని కొనేవాళ్లు నమ్ముతారు. తీరా టేపు పెట్టి కొలిస్తే ఒక బండి 67 లేచి ఉంటుంది. అదే డబ్బాలోని స్ప్రింగులు వేసిన మరో బండి 25 దగ్గరే ఆగిపోతుంది. అందులో స్ప్రింగు తప్పేమీ లేదు. ఆ 50 అనే అంకె ఒకానొక బరువు దగ్గర మాత్రమే నిజం. ఆ బరువెంతో చాలా డబ్బాల మీద రాసి ఉండదు, రాసినా చదివేవాళ్లు తక్కువ.

పై అంకెలు ఎలా వచ్చాయో చూస్తే విషయం సగం తేలిపోతుంది. ఒక వెనక స్ప్రింగును మిల్లీమీటరు నొక్కడానికి 3 కిలోల బరువు కావాలనుకుందాం. దీన్నే స్ప్రింగు రేటు అంటారు. (కంపెనీలు దీన్ని న్యూటన్లలోనో పౌండ్లలోనో ఇస్తుంటాయి. మిల్లీమీటరుకు కిలో అంటే సుమారు 9.8 న్యూటన్లు, ఇంచుకు 56 పౌండ్లు.) ఈ స్ప్రింగును వెనక 100 కిలోల సామాను ఎప్పుడూ ఉండే బండి కోసం తయారు చేశారు, ఆ బరువు దగ్గర 50 మిల్లీమీటర్లు లేపుతుంది. సామానేమీ లేని బండికి వేస్తే ఒక్కో స్ప్రింగు మీద 50 కిలోలు తగ్గుతాయి. 50ని 3తో భాగిస్తే దాదాపు 17, అంటే బండి 67 లేస్తుంది. అదే బండిలో 250 కిలోలు పెడితే ఒక్కో స్ప్రింగు మీద 75 కిలోలు అదనంగా పడి 25 మిల్లీమీటర్లు కుంగుతుంది, మిగిలేది 25. స్ప్రింగు ఒక్కటే, ఎత్తులు మూడు.

అందుకే లిఫ్ట్ స్ప్రింగు కొనేటప్పుడు ఎన్ని ఇంచులు కావాలన్నది చివర్లో రావలసిన ప్రశ్న. అంతకన్నా ముందు తేలాల్సినవి బండి మీద ఎన్ని కిలోలు పెరిగాయి, అవి ఏ ఇరుసు మీద పడ్డాయి, ఏడాదిలో ఎన్ని రోజులు ఉంటాయి అన్నవి. ఎడారి దారుల్లో రోజుల తరబడి తిరిగే ఆస్ట్రేలియాలో స్ప్రింగుల కేటలాగులు చాలావరకు ఈ పద్ధతిలోనే ఉంటాయి. ఒకే బండికి ముందు భాగంలో మామూలు బంపర్‌కు ఒకటి, ఇనుప బంపర్‌కు ఒకటి, బంపర్‌తో పాటు వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) కూడా ఉంటే ఇంకొకటి. వెనక భాగానికైతే ఎప్పుడూ ఉండే బరువును బట్టి మెట్లు మెట్లుగా ఇస్తారు. ఇవన్నీ ఇంచుమించు ఒకే ఎత్తు లేపుతాయి, తేడా అంతా మోసే బరువులోనే. మన దగ్గర అదే సరుకు అమ్మేటప్పుడు ఆ మెట్ల సంగతి వదిలేసి ఇంచులు మాత్రం చెబుతుంటారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

జిమ్నీలో 345 కిలోల కథ

ఒక నిజమైన బండి మీద లెక్క వేసి చూద్దాం. 2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన అయిదు తలుపుల మారుతి జిమ్నీ ఇందుకు బాగా కుదురుతుంది. ముందూ వెనకా గట్టి ఇరుసే (రెండు చక్రాలనూ కలిపే ఒకే గొట్టం), రెండింటి మీదా కాయిల్ స్ప్రింగులే, కాబట్టి చక్రం ఎంత కదిలితే స్ప్రింగు దాదాపు అంతే కదులుతుంది. ఖాళీ బరువు మోడల్‌ను బట్టి 1,195 నుంచి 1,210 కిలోలు. మనుషులు, సామాను అంతా కలిపి కంపెనీ అనుమతించిన మొత్తం బరువు 1,545 కిలోలు. 1,200 కిలోలున్న మోడల్ తీసుకుంటే తేడా 345 కిలోలు. నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటేనే అందులో 280 అయిపోతాయి.

ఇప్పుడు ఇద్దరు మనుషులు లద్దాఖ్‌కో స్పితికో బయల్దేరారనుకుందాం. మనుషులు 150 కిలోలు. ఇనుప బంపర్, వించ్ కలిపి 70. పైన క్యారియర్ 25, దాని మీద విప్పుకునే టెంటు 55. డబ్బాతో సహా 20 లీటర్ల పెట్రోలు 19 (పెట్రోలు నీళ్లకన్నా తేలిక, లీటరు ముప్పావు కిలో ఉంటుంది). నీళ్లు 20. చిన్న ఫ్రిజ్, అందులోని తిండి 35. తాళ్లు, షాకిల్స్ (తాడు తగిలించే ఇనుప కొక్కేలు), జాకీ, పనిముట్లు 25. బట్టలు, స్టవ్, పరుపులు 40. మొత్తం 439 కిలోలు. మూడో మనిషి ఎక్కకముందే బండి పరిమితి దాటి 94 కిలోల పైన ఉంది.

చాలామంది స్ప్రింగుల షాపుకు వెళ్లేది సరిగ్గా ఈ దశలోనే. వెనక కుంగిపోయింది, గట్టి స్ప్రింగులు వేస్తే సరిపోతుందని. వేస్తే బండి నిటారుగా నిలబడుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ బ్రేకులు అవే, చక్రాల బేరింగులు అవే, ఇరుసు గొట్టం అదే, చాసిస్ అదే. 1,545 అనే అంకెను స్ప్రింగు మార్చలేదు. బండి కుంగడం అనేది బరువు ఎక్కువైందని కంటికి కనిపించే గుర్తు. గట్టి స్ప్రింగు ఆ గుర్తును చెరిపేస్తుంది, బరువును అలాగే ఉంచుతుంది. టైరు గోడ మీది నంబరు చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. జిమ్నీ టైరు లోడ్ ఇండెక్స్ 96, అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోయగలదు, నాలుగూ కలిపితే 2,840. ఆ లెక్కన బండి 2,840 మోస్తుందనుకుంటే, బలమైన చెప్పులు వేసుకున్న మనిషి రెండు బస్తాలు మోస్తాడనుకున్నట్టే.

ఈ జాబితాలో మొదట తేలాల్సింది స్ప్రింగు సంగతి కాదు, టెంటు, ఇనుప బంపర్ల సంగతి. టెంటు నేల మీద వేసుకునేది తీసుకుని, బంపర్‌నూ వించ్‌నూ ఇంటి దగ్గర వదిలేస్తే 125 కిలోలు తగ్గి మొత్తం 314కు వస్తుంది. అప్పుడు స్ప్రింగు గురించి మాట్లాడుకోవడంలో అర్థముంది. చిన్న బండికి పెద్ద బండి సామాను తగిలించడం ఈ మధ్య ఒక సరదాగా మారింది, ఫొటోల్లో చక్కగానే కనిపిస్తుంది.

బరువు ఎంతో తెలిసినా సరిపోదు, ఎక్కడుందో కూడా తెలియాలి. జిమ్నీ రెండు ఇరుసుల మధ్య దూరం 2,590 మిల్లీమీటర్లు. ముందు ఇరుసుకు 600 మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చినట్టు 70 కిలోల బంపర్, వించ్ వేలాడుతుంటే ముందు ఇరుసు మీద పడేది 70 కాదు, 86. మిగతా 16 కిలోలు వెనక ఇరుసు మీంచి లేచిపోతాయి. పిల్లల ఊగుడుబల్ల లాంటిదే ఇది. అలాగే వెనక తలుపుకు, ఇరుసుకు 600 మిల్లీమీటర్ల వెనకగా 60 కిలోలు తగిలిస్తే వెనక ఇరుసు మీద 74 పడుతుంది, ముందు 14 తేలిక అవుతుంది. ముందు తేలికైతే ఘాట్ రోడ్డులో స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. సామానును రెండు ఇరుసుల మధ్యకు, వీలైనంత కిందకు జరిపితే స్ప్రింగు మార్చకుండానే సగం పని అయిపోయే సందర్భాలు చాలానే ఉంటాయి.

బియ్యం బస్తాలతో రేటు కొలవడం

కాబట్టి మొదటి ఖర్చు వేబ్రిడ్జి దగ్గర పెట్టాలి. లారీలు తూచే పెద్ద కాటాలు పది, ఇరవై కిలోల మెట్టుతో చూపిస్తాయి, చిన్న బండికి అంత కచ్చితం కాదు. దొరికితే చిన్న వాహనాల కాటా మేలు. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రం ఉంచి ఇంకోసారి తూచాలి. ముందు, వెనక కలిపితే మొత్తానికి సరిపోవాలి, సరిపోకపోతే కాటా సమతలంగా లేదని అర్థం. ఇదంతా రెండు విడతలు చెయ్యాలి: రోజూ తిరిగే తీరులో ఒకసారి, టూరుకు పూర్తిగా సర్దుకుని మనుషులంతా కూర్చుని మరోసారి.

ఎత్తు కొలవడానికి నేల నుంచి బంపర్ దాకా టేపు పెట్టడం తప్పు. టైరులో గాలి తగ్గినా, టైరు సైజు మారినా ఆ అంకె మారిపోతుంది. చక్రం మధ్యలోని హబ్ కేంద్రం నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నిలువుగా కొలవాలి, నాలుగు మూలలా. ఎడమ కుడి తేడా ఉంటే కంగారు పడక్కర్లేదు. డ్రైవరు, పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ ఉన్న వైపు బరువెక్కువ. కొన్ని బండ్లకు ఎడమ కుడి స్ప్రింగులు వేర్వేరు ఎత్తుల్లో రావడానికి కారణం ఇదే.

కంపెనీ స్ప్రింగు రేటు ఎంతో ఎవరూ చెప్పకపోయినా ఇంటి ముందే తేల్చుకోవచ్చు. కావలసింది నాలుగు బియ్యం బస్తాలు. (2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ మీద జీఎస్టీ పడ్డాక చాలా మిల్లులు 26 కిలోల బస్తాకు మారాయి, కాబట్టి బస్తా మీద అంకె చూసి కూడుకోవాలి.) 26 చొప్పున నాలుగు బస్తాలు 104 కిలోలు. వాటిని సరిగ్గా వెనక ఇరుసు పైన పడేలా పెట్టాలి. బండిని ఓ యాభై మీటర్లు ముందుకూ వెనక్కూ నడిపి, నాలుగుసార్లు ఊపి, అప్పుడు కొలవాలి. అలా ఊపకపోతే కీళ్ల దగ్గరుండే బుష్‌ల రబ్బరు బిగుసుకుని బండిని కొన్ని మిల్లీమీటర్లు పైనే పట్టి ఉంచుతుంది. రెండు వైపులా 21 మిల్లీమీటర్లు కుంగిందనుకుందాం. ఒక్కో స్ప్రింగు మీద పడింది 52 కిలోలు, 52ని 21తో భాగిస్తే 2.5. గట్టి ఇరుసున్న బండిలో అదే స్ప్రింగు రేటు. షాపువాళ్లు “ఇది ముప్పై శాతం హార్డ్ సార్” అన్నప్పుడు, దేనికన్నా ముప్పై శాతమో ఇప్పుడు అడగొచ్చు.

ఎంత హార్డ్ కావాలి?

ఖాళీ ట్రాలీ ఆటోలోనో, సరుకు దింపేసి వస్తున్న పికప్ వెనకో కూర్చున్నవాళ్లకు ఈ విషయం నడుం చెబుతుంది. అదే బండి టన్ను సరుకేసుకుని వెళ్లేటప్పుడు పడవలా సాగిపోయింది. తేడా ఊగే వేగంలో ఉంది. స్ప్రింగు మీది బరువును దాని రేటుతో భాగిస్తే ఆ స్ప్రింగు ఎంత నొక్కుకుని ఉందో వస్తుంది. ఆ నొక్కుడు ఎంత ఎక్కువైతే బండి అంత నెమ్మదిగా ఊగుతుంది. 250 మిల్లీమీటర్లు నొక్కుకుంటే సెకనుకు ఒక ఊపు, 100 నొక్కుకుంటే దాదాపు 1.6. మామూలు కార్లన్నీ ఇంచుమించు ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉంటాయి, మనిషి ఒంటికి సుఖంగా తోచేది కూడా ఆ మధ్యే.

ఒక పెద్ద ఎస్‌యూవీ వెనక మూలన, అంటే ఒక వెనక స్ప్రింగు మీద, 350 కిలోలున్నాయనుకుందాం, రేటు 2.5. నొక్కుడు 140, ఊపు సెకనుకు 1.33. టూరు సామానుతో మూలకు 200 కిలోలు పెరిగి 550 అయింది. పాత స్ప్రింగే ఉంటే నొక్కుడు 220, ఊపు 1.06. బండి తేలిపోతున్నట్టు, వంపుల్లో వాలిపోతున్నట్టు ఉంటుంది, గుంటల్లో బంప్ రబ్బరుకు (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మకు) కొట్టుకుంటుంది. ఇప్పుడు రేటు 4 ఉన్న స్ప్రింగు వేస్తే నొక్కుడు 137, ఊపు మళ్లీ 1.34కు వస్తుంది. అంటే కంపెనీ మొదట ఇచ్చిన నడకే తిరిగి వచ్చింది. ఇదే 4 రేటు స్ప్రింగును సామాను దింపేసిన 350 కిలోల మూల మీద ఉంచితే ఊపు 1.7. ఆఫీసుకు వెళ్లే దారిలో ప్రతి స్పీడ్‌బ్రేకరూ లెక్కపెట్టుకోవచ్చు. అంతకన్నా ముఖ్యంగా కంకర రోడ్డు మీద చక్రం నేలను వదిలేస్తుంటుంది, బ్రేకు పట్టదు.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. ఏడాదికి పది రోజుల టూరు కోసం 355 రోజులు గట్టి స్ప్రింగు మీద తిరగడం మంచి బేరం కాదు. బంపర్, వించ్, క్యారియర్, లోపలి డ్రాయర్ల లాంటి, బోల్టులతో బిగించి ఉన్న బరువుకే స్ప్రింగు ఎంచుకోవాలి. టూరు రోజుల్లో పెరిగే మిగతా బరువును వేరే దారిలో చూసుకోవాలి. కాయిల్ లోపల పట్టే చిన్న గాలి బెలూన్లు దానికి పనికొస్తాయి. సామానున్నప్పుడు గాలి కొట్టి, దించాక ఆ గాలి తగ్గించేయొచ్చు. షాపుల్లో “ఎందుకైనా మంచిది, హెవీ వేయించుకోండి” అనే సలహా వినిపిస్తుంటుంది. చాలా బండ్ల విషయంలో అది తప్పు సలహా.

మొదటి సగం మెత్తగా, తర్వాత గట్టిగా ఉండే ప్రోగ్రెసివ్ స్ప్రింగులు రెండింటికీ సరిపోతాయని చెబుతారు. సామాను వస్తూ పోతూ ఉండే బండికి ఆ మాట కొంతవరకు నిజమే. దగ్గర దగ్గరగా చుట్టిన వరుసలు మొదట నొక్కుకుని ఒకదానికొకటి ఆనుకుంటాయి, ఆ తర్వాత దూరంగా చుట్టినవే పనిచేస్తాయి. కానీ ఎప్పుడూ 150 కిలోలు మోసే బండిలో ఆ మెత్తటి వరుసలు నిలబడి ఉన్నప్పుడే మూసుకుపోయి ఉంటాయి. డబ్బు పెట్టి కొన్న మెత్తదనం ఏనాడూ వాడకంలోకి రాదు. అలాంటి బండికి మామూలు ఒకే రేటు స్ప్రింగే సరైనది, దానికి షాక్ అబ్జార్బర్ కుదర్చడం కూడా తేలిక.

ఒకే ఎత్తు, రెండు స్ప్రింగులు

బండి పైకి లేవడానికి రెండు దారులున్నాయి. స్ప్రింగు పొడవైనా పెరగాలి, గట్టిదనమైనా పెరగాలి. మూల మీద 450 కిలోలుండి, స్ప్రింగు 300 మిల్లీమీటర్ల ఎత్తులో నిలబడాలనుకుందాం. రేటు 2.5 అయితే 180 నొక్కుకుంటుంది, కాబట్టి విడిగా 480 పొడవుండాలి. 3.5 అయితే 129 నొక్కుకుంటుంది, 429 చాలు. 4.5 అయితే 100 నొక్కుకుంటుంది, 400 చాలు. బండి కింద నిలబడి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. రాళ్ల మీద ఒక చక్రం గుంటలోకి వేలాడినప్పుడు తేడా బయటపడుతుంది. షాక్ పూర్తిగా సాగితే స్ప్రింగు సీట్ల మధ్య 420 మిల్లీమీటర్లు వస్తుందనుకోండి. మొదటిది ఇంకా 60 నొక్కుకునే ఉంటుంది, చక్రాన్ని నేలకేసి నెడుతూనే ఉంటుంది. రెండోది అంచున నిలబడుతుంది. మూడోది 20 మిల్లీమీటర్లు వదులై సీట్లోంచి కదులుతుంది, మళ్లీ కూర్చునేటప్పుడు ఠంగుమని కొడుతుంది, ఖర్మ కాలితే పక్కకు జారుతుంది. రాళ్ల దారుల్లో తిరిగే బండికి, బరువు మోయగలిగినంత మేరకు, మెత్తగా పొడవుగా ఉన్నదే మంచి స్ప్రింగు. పొడవు పెరిగిందని మరీ ఎక్కువ చుట్లుంటే మరో చిక్కు వస్తుంది: తీగ మందం 14 మిల్లీమీటర్లు, చుట్లు 8 అయితే 112 దగ్గర చుట్లన్నీ ఒకదానికొకటి తగిలి స్ప్రింగు ఇనుప దుంగలా మారిపోతుంది. అంతకుముందే బంప్ రబ్బరు అడ్డుకునేలా చూసుకోవాలి.

తీగ మందం గురించి ఒక మాట. స్ప్రింగు గట్టిదనం తీగ వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ స్థానంలో 13 పెడితే, మిగతా కొలతలన్నీ అవే అయినా, 38 శాతం గట్టిపడుతుంది. కంటితో చూసి “రెండూ ఒకటే” అనుకోకుండా వెర్నియర్ పెట్టి చూడాలి. చుట్లు తగ్గినా గట్టిపడుతుంది. కార్ల షాపుల్లో స్ప్రింగు వరుసల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు చేసేదీ అదే. ఒక చుట్టును పని చేయకుండా పట్టి ఉంచుతాయి, బండి కాస్త లేస్తుంది, ఆ చుట్టు చేయాల్సిన పని మిగతావాటి మీద పడుతుంది. నగరంలో తిరిగే కారు స్పీడ్‌బ్రేకర్‌కు తగలకుండా ఉండటానికి కొందరికి అది సరిపోవచ్చు. బరువేసుకుని కొండలెక్కే బండికి మాత్రం వద్దు.

ముందు చక్రాలు విడివిడిగా కదిలే బండ్లలో ఇంకో మెలిక ఉంది. 2020లో వచ్చిన రెండో తరం మహీంద్రా థార్‌కు ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు చేతులు పట్టి ఉంచే అమరిక), వెనక గట్టి ఇరుసు. విష్‌బోన్ బండ్లలో స్ప్రింగు కింది చేతి మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది. చక్రం 10 మిల్లీమీటర్లు కదిలితే స్ప్రింగు 6 కదులుతుందనుకుంటే, స్ప్రింగు పైన పెట్టిన 20 మిల్లీమీటర్ల దిమ్మ (స్పేసర్) బండిని 33 లేపుతుంది. గట్టిదనం మాత్రం ఆ నిష్పత్తి వర్గంతో తగ్గుతుంది, అంటే 6 రేటున్న స్ప్రింగు చక్రం దగ్గర 2.2 లాగే పనిచేస్తుంది. ముందు, వెనక స్ప్రింగుల రేట్లను పక్కపక్కన పెట్టి పోల్చి “ముందువి రెండింతలు హార్డ్” అని తేల్చేయడం అందుకే కుదరదు.

కమాన్ పట్టీల లోకం

పికప్ ట్రక్కుల వెనక ఉండేవి కమాన్ పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు పట్టీల స్ప్రింగులు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు వీ-క్రాస్ అయినా, టొయోటా హైలక్స్ అయినా వెనక ఇవే. వీటి విషయంలో మనవాళ్ల అనుభవం తక్కువేం కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు పట్టీలు కట్టేవాళ్లు ఏ కట్ట ఎంత మోస్తుందో చూపుతోనే అంచనా కట్టేస్తారు. అయితే లారీ తర్కం టూరు బండికి ఎప్పుడూ సరిపోదు. లారీ నిండుగా మోసి డబ్బు సంపాదించాలి, ఖాళీగా వచ్చేటప్పుడు ఎగిరినా ఫర్వాలేదు. ఒక పట్టీ కలిపితే గట్టిదనంతో పాటు పట్టీల మధ్య రాపిడి కూడా పెరుగుతుంది. చిన్న చిన్న గతుకులకు కట్ట అసలు కదలకుండా బండినే కుదుపుతుంది. కట్ట అడుగున, కాస్త ఎడంగా, బరువెక్కాకే తగిలే హెల్పర్ పట్టీ ఉంటే ఈ బాధ తగ్గుతుంది. వంపు తగ్గిన పాత పట్టీలను గ్యాస్ మంట పెట్టి వంచడం మాత్రం చేయించుకోకూడదు, ఉక్కుకు పెట్టిన పదును పోయి నెలల్లోనే మళ్లీ చదునవుతుంది, లేదా విరుగుతుంది.

పట్టీ చివరను చాసిస్‌కు కలిపే లింకును కూడా షాకిల్ అనే అంటారు, అది పొడవుది వేస్తే ఇరుసు దగ్గర లేచేది అందులో సగమే, పైగా ఇరుసు కోణం తిరిగి ఇంజను శక్తిని ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలు (క్రాస్) మీద భారం పడుతుంది. ఇరుసుకూ పట్టీకీ మధ్య దిమ్మ పెడితే ఎత్తు వస్తుంది కానీ, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇరుసు మెలి తిరిగే గుణం పెరుగుతుంది. ముందు ఇరుసుకు దిమ్మలు పెట్టడం ప్రమాదం, పెట్టమని ఎవరు చెప్పినా వినకూడదు. పట్టీల బండ్లకు గాలి బెలూన్లు వేసేటప్పుడూ జాగ్రత్త అవసరం. పట్టీ కట్ట బరువును చాసిస్‌కు ముందొకచోట, వెనకొకచోట పంచుతుంది. బెలూన్ దాన్నంతా ఇరుసుకు సరిగ్గా పైన ఒకే చోట మోపుతుంది. వెనక తొట్టి చివర బరువు వేలాడుతూ, ఆ బిందువు దగ్గర చాసిస్ వంగిపోయిన పికప్పులు ఆస్ట్రేలియాలో చాలానే ఉన్నాయి.

స్ప్రింగుతో పాటు కదిలేవి

స్ప్రింగు ఒక్కటే మార్చి ఊరుకోవడం సగం పని. పైన చెప్పిన పెద్ద బండిలో రేటు 2.5 నుంచి 4కి, బరువు 350 నుంచి 550కి పెరిగినప్పుడు, ఊపును అంతే త్వరగా ఆపాలంటే షాక్ దాదాపు 58 శాతం ఎక్కువ బలంగా ఉండాలి. పాత షాక్ ఉంచితే గట్టి స్ప్రింగు విదిలించినప్పుడల్లా బండి రెండు మూడుసార్లు ఎగురుతుంది. పొడవు కూడా చూడాలి. 50 మిల్లీమీటర్లు లేపి పాత షాకే ఉంచితే చక్రం కిందికి దిగే దారిలో ఆ 50 కోత పడుతుంది. లిఫ్ట్ చేశాక రాళ్ల మీద చక్రం ఇంతకుముందుకన్నా త్వరగా గాల్లోకి లేస్తోందంటే కారణం అదే. పొడవు షాక్ వేస్తే అది మూసుకున్నప్పటి పొడవు కూడా పెరుగుతుంది, బంప్ రబ్బరును కిందికి దించకపోతే షాకే అడుక్కి కొట్టి పాడవుతుంది.

జిమ్నీలాంటి బండిలో ముందు ఇరుసును రెండు పొడవాటి చేతులు పట్టి ఉంచుతాయి. బండి లేస్తే ఆ చేతులు కిందికి వాలి ఇరుసును తిప్పేస్తాయి. చేతి పొడవు 700 మిల్లీమీటర్లనుకుంటే 50 లిఫ్ట్‌కు క్యాస్టర్ (చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో అది వెనక్కి వాలి ఉండే కోణం) సుమారు 4 డిగ్రీలు తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది మధ్యకు రావడం మానేస్తుంది, హైవే మీద బండి అటూ ఇటూ తిరుగుతుంటుంది. కోణం సరిచేసే బుష్‌లో, వంచిన చేతులో వేస్తే ఇది పోతుంది, మామూలు అలైన్‌మెంట్ మిషన్ మీద సరిచేయడానికి ఇందులో సర్దుబాటు ఉండదు. ఇరుసును పక్కకు జరగకుండా పట్టుకునే అడ్డ రాడ్డు వల్ల బండి ఇరుసు మీద కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది, దానికి పొడవు మార్చుకునే రాడ్డు దొరుకుతుంది. వెనక ఇరుసుకు లింకు రాడ్డుతో బ్రేకు వాల్వు ఉన్న బండ్లలో మాత్రం ఒక ప్రమాదముంది: ఎత్తు పెరిగేసరికి వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. లిఫ్ట్ చేసేవాళ్లలో దీన్ని సరిచేసేవాళ్లు తక్కువ. హెడ్‌లైట్లు దించుకోవడం అయితే పది నిమిషాల పని.

ఇక బోల్తా సంగతి. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె ఎంత తక్కువైతే బండి అంత త్వరగా పల్టీ కొడుతుంది. వెడల్పు 1.4 మీటర్లు, బరువు కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ అంకె 1. లిఫ్ట్‌తో 5 సెంటీమీటర్లు లేస్తే 0.93. నెత్తి మీద టెంటు, డబ్బాలు ఉంటే ఇంకా దిగుతుంది. అందుకే బరువేసుకునే బండికి 40, 50 మిల్లీమీటర్లు దాటిన లిఫ్ట్ చాలావరకు చూపు కోసమే. పెద్ద టైరు పట్టించడం తప్ప దానివల్ల వచ్చే లాభం తక్కువ, తలనొప్పులు ఎక్కువ.

చట్టం కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే ప్రశ్న కూడా ఇదే. ఆస్ట్రేలియాలో పరిస్థితి వేరు, అక్కడ ఇంజనీరు ధ్రువీకరించిన స్ప్రింగులు, ఇతర మార్పులతో బండి మొత్తం బరువు పరిమితినే కాగితాల మీద పెంచుకునే విధానం ఉంది. అక్కడున్న బంధువులు పంపిన ఫొటో చూసి ఇక్కడ అదే కిట్ తెప్పించుకుంటే, కిట్ వస్తుంది, ఆ కాగితం రాదు.

బిగించే రోజు గమనించాల్సినవి రెండు. రబ్బరు బుష్‌లున్న బోల్టులన్నీ బండిని నేల మీదికి దించి, నాలుగుసార్లు ఊపాకే చివరి బిగింపు బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడిన స్థితిలో పట్టేస్తుంది, బండి కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు చూపిస్తుంది, బుష్ త్వరగా చిరుగుతుంది. కొత్త స్ప్రింగు మొదటి కొన్ని వారాల్లో 5, 10 మిల్లీమీటర్లు కూర్చుంటుంది. కాబట్టి హబ్ నుంచి మడ్‌గార్డ్ దాకా ఉన్న అంకెను బిగించిన రోజు ఒకసారి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మరోసారి రాసుకుని, అలైన్‌మెంట్ ఆ రెండో కొలత తర్వాతే చేయించాలి.